నల్ల చుక్క కనబడితే చెయ్యి ఆపాలె

పోయినేడు సద్దుల బతుకమ్మ తెల్లారి లేచి చూస్తే, మా అమ్మ వాకిట్లో పీట వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో నా స్పీకర్ డబ్బాను తోముతోంది. డబ్బా నల్లది. దాని నెత్తి మీద మాత్రం సన్నటి పసుపు గీతలు వల అల్లినట్టు ఉన్నాయి. అక్కడక్కడా కుంకుమ. తొమ్మిది రోజులు మా గల్లీ ఆడవాళ్ళ చేతుల్లో తిరిగిన డబ్బా అది. పసుపు గౌరమ్మను చేసిన చేత్తోనే వాల్యూమ్ తిప్పారు, బొట్టు పెట్టిన వేలితోనే స్విచ్ నొక్కారు. వాళ్ళ తప్పేముంది, పండుగ కోసం చేసిందే కదా.

"గిదేం డబ్బా కొడుకా, ఏనుగు తోలు లెక్క! పట్టింది పోతనే లేదు" అంది అమ్మ.

హనుమకొండలో మాది మైక్‌సెట్ల రిపేరు షాపు. బాపు పెట్టింది. ఆయన కాలంలో చెట్లకు, స్తంభాలకు మైకు గొట్టాలు కట్టేవాళ్ళు, ఇప్పుడు నేను ఎక్కువగా కాలిపోయిన ఆంప్లిఫయర్లు విప్పుకుంటూ కూర్చుంటాను. గల్లీ బతుకమ్మకు డీజే బాక్సులు పనికిరావు. పాట చెప్పేది ఒక్కరు, మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ అందుకోవాలి. మా గల్లీలో పాట చెప్పేది మా చిన్నమ్మ. మూడో రోజుకల్లా ఆమె గొంతు పోతుంది. ఆమె కోసమే ఆరున్నర ఇంచుల స్పీకర్ ఒకటి, చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక కాలర్ మైకు పెట్టి డబ్బా కట్టాను. ప్లైవుడ్‌తో చేస్తే ఆడవాళ్ళు ఎత్తలేని బరువైంది. అందుకే ప్లాస్టిక్ డొప్ప చేద్దామనుకున్నా.

హైదరాబాద్‌లో ఒక సైన్‌బోర్డుల షాపులో ఉబ్బెత్తు అక్షరాలు తయారు చేయడం ఎప్పుడో చూశాను. వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. ప్లాస్టిక్ షీటును ఫ్రేములో బిగించి, మెత్తబడేదాకా కాచి, అచ్చు మీద బోర్లించి, కింద నుంచి గాలి లాగేయడమే. మిషనే షీటును లాగుతోంది అనుకుంటాం గానీ, అసలు పని చేసేది పైన ఉన్న గాలి. కింద గాలి పూర్తిగా లేకపోతే చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున పైగాలి షీటును అదుముతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌కు అంత శక్తి లేదు, అందులో ఐదో వంతు వస్తే గొప్ప. అయినా చిన్న డబ్బాకు ఆ మాత్రం చాలు.

అచ్చు కోసం 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ముక్కలు ఐదు అతికించి 9 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె చేశాను. పొడవు 30, వెడల్పు 22. పక్కలు నిలువుగా కొయ్యకుండా నాలుగు డిగ్రీలు లోపలికి వాల్చాను, లేకపోతే చల్లారిన డొప్ప అచ్చును పట్టుకుని ఊడదు. (మొదటి అచ్చుకు వాలు పెట్టలేదు. దాన్ని ఉలితో పగలగొట్టాల్సి వచ్చింది.) చుట్టూ మొదట్లో ఒక మిల్లీమీటరు డ్రిల్లుతో గాలి పోవడానికి రంధ్రాలు. షీటును కాచడానికి జీఐ రేకు డబ్బాలో కాయిల్ పొయ్యిల కాయిళ్ళు రెండు.

షీటు వేడెక్కడం చూడడానికి భలేగా ఉంటుంది. ముందు ముడతలు పడుతుంది, పాడైపోయిందని కంగారు పడతాం. కాసేపటికి ఆ ముడతలన్నీ పోయి డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఆ తర్వాత నడిమి భాగం మెల్లగా కిందికి జారుతుంది. అంగుళం జారితే తీసేయాలి. అది కనిపెట్టే పని మా అక్క కొడుకుది. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "మామా, కడుపు దిగింది!" అని వాడు అరిస్తే నేను ఫ్రేమ్ లాగి అచ్చు మీద బోర్లించాలి, వాడు క్లీనర్ స్విచ్ వేయాలి. రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ క్షణంలో అచ్చు మూలలు ఒక్కసారిగా పైకి తేలి కనబడతాయి చూడండి, దాని కోసమైనా ఈ పని ఒకసారి చేయాలి.

ఇక గరుకు సంగతి. నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నది 2 మిల్లీమీటర్ల నల్ల ఏబీఎస్ షీటు, ఏబీఎస్ అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు తోలు మీది ముడతల్లాంటి గరుకు. సూట్‌కేసులకు, బండ్ల లోపలి భాగాలకు వాడే రకం. కంపెనీ సరుకులా కనబడుతుందని మురిసిపోయి, తోలు దిక్కే బయటికి వచ్చేలా పెట్టాను. నా తెలివి అది.

కంపెనీవాళ్ళు ఆ గరుకు ఎందుకు వేస్తారో తర్వాత అర్థమైంది. అది తప్పులు దాస్తుంది. అచ్చు మీద దుమ్ము పడినా, షీటు ఒక చోట ముందు చల్లారి గీత పడినా, ఆ ముడతల్లో కలిసిపోతాయి. కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు చేతులు పెట్టేవాళ్ళు ఉండరు కాబట్టి వాళ్ళకు నడుస్తుంది.

అమ్మ చేతిలోంచి డబ్బా తీసుకుని ఎండలో పెట్టి చూశాను. నెత్తి మీద ముడతలు షీటులో ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి, పసుపు అంతా అక్కడే. పక్కలకు వచ్చేసరికి అవే ముడతలు సాగి నిలువు గీతలయ్యాయి, లోతు తగ్గింది. కింది మూలల్లో దాదాపు నున్నగా ఉంది, అక్కడ పసుపు లేనే లేదు. ఒకే డబ్బా మీద మూడు రకాల తోళ్ళు.

పండుగ పోయింది, డబ్బా అటక ఎక్కింది. ఈ ఏడు వినాయక నిమజ్జనం దాకా షాపులో ఊపిరి ఆడలేదు. ఆ హడావుడి అయ్యాక, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్యకు ఉన్నది రెండు వారాలు. "ఆ ఏనుగు తోలు నున్నగ చేస్తవా, లేకుంటే నేను ఒట్టి గొంతుతోనే పాడుకోవాల్నా?" అని చిన్నమ్మ ఫోన్ చేసింది. అప్పుడు దించాను.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. 120 నంబరు సాండ్ పేపర్ (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) తీసుకుని పొడిగా రుద్దడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో నెత్తి అంతా బూడిదరంగు అయి, వేలితో రాస్తే నున్నగా తగిలింది. ఇంతేనా పని అనుకుని నల్లా కింద పెట్టి కడిగాను. ముడతలన్నీ మళ్ళీ పైకి లేచాయి! నేను నున్నదనం అనుకున్నది గుంతల్లో నిండిన పొడి. పైగా రుద్దిన వేడికి ప్లాస్టిక్ కరిగి ఉండలు ఉండలుగా పేపర్‌కే పట్టుకుంది.

దాంతో పంతం వచ్చి పక్క షాపు వడ్రంగి దగ్గర సాండర్ మిషన్ తెచ్చాను. నెత్తి బాగానే అరిగింది. పక్కల మీదికి వచ్చాక కింది మూలను బొటనవేలితో నొక్కి చూస్తే టక్కుమని లోపలికి పోయి టక్కుమని బయటికి వచ్చింది, పాత నూనె డబ్బా రేకులాగా. ఇంకోసారి నొక్కాను, నాకు బుద్ధి లేదు కదా. పగిలింది.

పోయినేడు చెడిపోయిన డొప్పలు మూడు షాపులో మూలకు పడి ఉన్నాయి. అందులో ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నడిమికి కోసి, మందం కొలిచే వెర్నియర్ పెట్టాను. నెత్తి మీద 1.7 మిల్లీమీటర్లు. పక్క నడుమ 1.1. కింది మూలలో 0.6! కారణం కష్టమైందేమీ కాదు. కాగిన షీటు మొదట తాకేది అచ్చు నెత్తికి. తాకిన చోట చల్లబడి గట్టిపడుతుంది, ఇక సాగదు. మిగిలిన ఎత్తంతా పక్కలే సాగి ఇచ్చుకోవాలి, అందరికంటే ఆఖరున సాగేది కింది మూల. ముడతల లోతు వెంట్రుక మందం, అంటే సుమారు మిల్లీమీటరులో పదోవంతు. నెత్తి మీద అంత గీకినా నష్టం లేదు. కానీ చెయ్యి గానీ మిషన్ గానీ చదునైన చోట తేలిగ్గా జారి, మూలలను గట్టిగా కొరుకుతుంది. అంటే ఎక్కడ పదార్థం తక్కువ ఉందో అక్కడే ఎక్కువ తీస్తున్నాను.

ఆ రాత్రి మేనల్లుడు ఫోన్‌లో వీడియో చూపించాడు. త్రీడీ ప్రింట్ బొమ్మలను అసిటోన్‌తో నున్నగా చేస్తున్నారు. ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది, అది నిజమే. అర లీటరు తెచ్చాం. అసిటోన్ మామూలు సరుకు కాదు. సున్నాకు 20 డిగ్రీలు కింద ఉన్నా దాని ఆవిరి అంటుకోగలదు. ఆ ఆవిరి గాలికంటే రెండింతలు బరువు, నేల మీద పాకుతూ పోతుంది. ఇదంతా తెలిసి కూడా, అదే గదిలో కాయిళ్ళు పూర్తిగా చల్లారాయో లేదో చూడకుండా నేను సీసా మూత తిప్పబోతే మా ఆవిడ గుమ్మంలోంచి అరిచిన అరుపు గల్లీ చివరిదాకా వినబడింది. బయట వాకిట్లో కూర్చుని చేశాం.

చెడిపోయిన డొప్ప మీద బ్రష్‌తో ఒక పూత వేస్తే ముడతలు వెన్నలా కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. లైటు వేస్తే తళతళా మెరిసింది. మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. పొద్దున చూస్తే మూలల చుట్టూ, పాత పింగాణి గిన్నె మీద ఉండేలాంటి వెంట్రుక పగుళ్ళు. అచ్చు మీద లాగి చల్లార్చిన ప్లాస్టిక్ లోపల ఆ లాగుడు అట్లాగే బిగిసి ఉంటుంది. అసిటోన్ తగలగానే అది విడిపోవడానికి దారి దొరుకుతుంది, అందుకే పగులుతుంది. పొర పొరగా పోసిన ప్రింట్ బొమ్మకు ఓర్చుకునే మందం ఉంటుంది, సాగదీసిన సన్నటి డొప్పకు ఎక్కడుంటుంది?

హీట్ గన్ కూడా ప్రయత్నించాను, దాని గురించి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. వేడి తగలగానే ప్లాస్టిక్‌కు తను ఒకప్పుడు చదును షీటునన్న సంగతి గుర్తొచ్చింది. డొప్ప మూతి వంకరపోయింది, ముడతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇక లాభం లేదని ములుగు రోడ్డు మీద నాకు తెలిసిన డెంటింగ్, పెయింటింగ్ ఉస్తాద్ దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన నలభై ఏళ్ళుగా బండ్లకు రంగులు వేస్తున్నాడు. డొప్పను చేతిలోకి తీసుకుని, లైటు కింద అటూ ఇటూ వంచి, పగిలిన మూలలో వేలు పెట్టి నవ్వాడు.

"నువ్వు గుట్టలు తవ్వుతున్నవ్ అన్నా. గుంతలు పూడ్వాలె గదా! ఊర్లె రోడ్డు ఎట్ల ఏస్తరు, ఊరంత తవ్వుతరా?"

అంతే. వారం రోజుల నుంచి నేను చేస్తున్నది తలకిందుల పని అని ఆ మాటతో తెలిసింది. గరుకు పోవాలంటే ఉన్నదాన్ని తీయడం కాదు, లేనిచోట నింపాలి.

ముందు పగిలిన మూల. దానికి మందు మా దగ్గరే ఉంది. మిగిలిన ఏబీఎస్ ముక్కలను గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచితే చిక్కటి పెరుగులా అవుతుంది. గాజుగుడ్డ పట్టీ ముంచి లోపలి నుంచి పగులు మీద పలుచగా అతికించాను. రెండు రోజులు ముట్టుకోలేదు. పైకి ఆరినట్టు కనబడ్డా లోపల అసిటోన్ ఉంటుంది, తొందరపడి దాని మీద రంగు వేస్తే తర్వాత గుంట పడుతుంది. ఈ పేస్టుతోనే డొప్పంతా పూసేద్దామని మేనల్లుడు అన్నాడు గానీ, పగుళ్ళు పడిన డొప్ప వైపు చూపించి వాడి నోరు మూయించాను.

తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడగడం. పసుపుకు నూనె తోడైతే, రంగుకు ముందు వేసే ప్రైమర్ పట్టదు. ఆడవాళ్ళ చేతుల్లో కొబ్బరినూనె ఉండనే ఉంటుంది. ఆరాక 320 వాటర్ పేపర్‌తో, నీళ్ళలో సబ్బు చుక్క వేసి, మెరుపు చచ్చేదాకా మాత్రమే రుద్దాం. నిమిషం పని. ముడతలు ముడతల్లాగే ఉన్నాయి, ఉండనివ్వమన్నాడు ఉస్తాద్.

గుంతలు పూడ్చడానికి నేను లప్పం అడిగాను. రెండు మందులు కలిపి వాడే బండ్ల లప్పం గట్టిది, రేకు మీద బాగుంటుంది. ఈ డొప్పను పట్టుకుని ఎత్తితే కొంచెం వంగుతుంది, వంగినప్పుడల్లా లప్పం పెచ్చులూడుతుందన్నాడు. ట్యూబులో వచ్చే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ పలుచగా పోతుంది గానీ, మందంగా పెడితే నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. సాండర్ గీతలు పడిన ఒక్క చోట మాత్రం, పాత ఏటీఎం కార్డు అంచుతో గుంతల్లోకి అదిమి, మిగిలింది గీకేశాడు. మిగతా అంతటికీ బూడిదరంగు సర్ఫేసర్ ప్రైమర్. నింపడానికే తయారు చేసిన మందపాటి ప్రైమర్ అది.

మొదటి పూత దూరం నుంచి, పొడి పొడిగా, మంచు పడ్డట్టు కొట్టాడు. దగ్గర నుంచి తడిగా కొడితే అందులోని థిన్నరే ఏబీఎస్‌ను కొరుకుతుందట. అసిటోన్ దెబ్బ చూశాక ఆ మాట నాకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. పావుగంట ఆగి తడిపూత, ఇంకో పావుగంటకు మరొకటి. తెల్లారి రమ్మన్నాడు.

పొద్దున్నే నాకు చెక్క దిమ్మె చుట్టిన 400 వాటర్ పేపర్ ఇచ్చి, "రుద్దు, నల్ల చుక్క కనబడితే చెయ్యి ఆపాలె" అన్నాడు. డొప్ప నల్లది, ప్రైమర్ బూడిదరంగు. రుద్దుతుంటే బూడిద నీళ్ళు పాలలా కారుతున్నాయి. నాలుగు రుద్దులకు మధ్యలో ఆవగింజంత నల్ల చుక్క కనబడింది. అది ముడత కొస. అంటే అక్కడ ప్రైమర్ అయిపోయి ప్లాస్టిక్ తగిలింది, ఇంకో రుద్దు రుద్దితే గుట్టను తవ్వినట్టే. పక్కకు జరిగాను. ఇంకో చుక్క. అట్లా జరుగుతూ జరుగుతూ పోతే, నెత్తి మొత్తం నల్ల చుక్కల మధ్య బూడిదరంగు నిండిన గుంతలతో గిన్నెకోడి ఈకలా తయారైంది. కడిగి ఆరబెట్టి వేలితో రాస్తే ఇంకా గరుకు తగిలింది, కానీ పాత గరుకులో సగం. డొప్ప మందం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

మూలలకు చెక్క దిమ్మె వాడనివ్వలేదు. అరిగిపోయిన హవాయి చెప్పు ముక్క ఇచ్చాడు. వంపుకు అది వంగుతుంది, వేళ్ళ గుర్తులు పడవు. మూలల్లో మొత్తం మూడే మూడు రుద్దులు.

రెండో రోజు మళ్ళీ మూడు పూతలు. ఈసారి ఆరాక దాని మీద నల్ల స్ప్రేను రెండడుగుల దూరం నుంచి దుమ్ములా చల్లాడు. ఇప్పుడు లెక్క తిరగబడింది. నలుపు పోయిన చోటు ఎత్తు, నలుపు మిగిలిన చోటు గుంత. పది నిమిషాలు రుద్దాక చేపల వలలాంటి సన్నటి నల్ల గీతలు మిగిలాయి. పోయినేడు పసుపు నిండిన వల అదే! మూడో దఫాకు ఆ గీతలు తెగి ముక్కలయ్యాయి, ఆ ముక్కలూ పోయాయి.

మధ్యలో రెండు రోజులు వాన. ఉస్తాద్ స్ప్రే గన్ను ముట్టుకోలేదు. థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు తడిపూత చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పూత మీదికి దిగి తెల్లబారిపోతుంది. నాకేమో అమావాస్య తరుముకొస్తోందని టెన్షన్, ఆయనేమో చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

చూడడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డొప్ప మీద పలుచటి ప్లాస్టిక్ కవరు వేసి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతాడు. ఒట్టి చేతికి తెలియని ఎత్తుపల్లాలు కవరు మీద నుంచి తెలుస్తాయి. ఆ తర్వాత తడి చేసి ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటాడు. లైటు గీత తిన్నగా జారితే సరే, వణికితే అక్కడ గుంత ఉన్నట్టు. నాకు ఆ అలవాటు అంటుకుంది. మొన్న వెయ్యిస్తంభాల గుడికి పోయినప్పుడు దండం పెట్టడం మానేసి నంది వీపు మీద వెలుగు ఎట్లా జారుతోందో వంగి వంగి చూస్తుంటే మా ఆవిడ చెయ్యి పట్టి లాగింది. 1163లో కట్టిన గుడి. నల్ల రాయి. గీత ఎక్కడా వణకలేదు! ఏం పెట్టి రుద్దారో, ఎన్ని నెలలు రుద్దారో.

రంగు తంగేడు పువ్వు పసుపు. పండుగ కోసమని అందరూ మెచ్చుకున్నారు, అసలు కారణం వేరే ఉంది. ఎంత నున్నగా చేసినా లేత రంగుకు పసుపు మరక అంటుతుంది. డబ్బానే పసుపుదైతే ఎవరికి తెలుస్తుంది? 600, ఆపైన 800తో రుద్ది, రంగు వేసి, మీద సగం మెరుపు ఉన్న క్లియర్ (రంగు లేని పైపూత) కొట్టించాను. పూర్తి మెరుపు పెడితే చిన్న అల కూడా అద్దంలో కనబడినట్టు కనబడుతుంది. హార్డెనర్ కలిపే క్లియర్ మాత్రం ఇంట్లో కొట్టుకోకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది, ముఖానికి దస్తీ కట్టుకుంటే ఆగేది కాదు. ఉస్తాద్ కూడా అప్పుడు మాత్రం డబ్బాలు ఉన్న మాస్కు తగిలించుకుని, మమ్మల్ని రోడ్డు అవతలికి పంపించాడు.

ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టి మురుసుకుంటుంటే మేనల్లుడు చాలాసేపు గడ్డం గోక్కుని అడిగాడు. "మామా, షీటుకు ఇంకో దిక్కు నున్నగనే ఉంటది కదా. అది బయటికి పెడితే అయిపోయేది కదా?"

వాణ్ణి కొట్టాలనిపించింది. కానీ అప్పటికే పక్క గల్లీవాళ్ళు మాకూ ఒకటి కావాలన్నారు, చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. షీటు తిరగేశాం.

వాడు అన్నంత సులువుగా ఏమీ కాలేదు. మొదటి షీటు కడుపు దిగకముందే పూరీలా బుడగలు లేచాయి. ఏబీఎస్ గాలిలోని తేమ పీలుస్తుంది, ఆ షీట్లు వానాకాలమంతా గోడకు ఆనించి ఉన్నాయి. గరుకు దిక్కు బయట ఉన్నప్పుడు చిన్న బుడగలు మాకు కనబడి ఉండవు. మిగతా షీట్లను అదే రేకు డబ్బాలో 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఆరబెట్టాం. రెండోదానికి బుడగలు రాలేదు గానీ, అచ్చు పక్కల మీద ఎండీఎఫ్ ముక్కలు అతికిన గీతలు డొప్ప బయటికి అస్పష్టంగా తేలాయి. నెత్తి మీద ఒక రంపపు పొడి రేణువు మొటిమలా లేచింది. అప్పుడు అర్థమైంది, లప్పం పెట్టాల్సింది డొప్పకు కాదు, అచ్చుకు. ఎండీఎఫ్ దిమ్మెకు గట్టి లప్పమే పూసి, 400 దాకా రుద్ది, పౌడర్ అద్ది, ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి ఆరాకే షీటు దించాం. అచ్చు వంగదు, పెచ్చులూడే భయం లేదు. ఒక్కసారి నున్నగా చేస్తే ఎన్ని డొప్పలకైనా అదే.

అనుకోని లాభం ఇంకోటి దొరికింది. గరుకు లోపలికి పోయాక అచ్చుకూ షీటుకూ మధ్య ఇరుక్కునే గాలి ఆ ముడతల సందుల్లోంచే రంధ్రాల దాకా పారిపోతోంది. నున్నటి దిక్కు లోపల ఉన్నప్పుడు నెత్తి మీద గాలి చిక్కి పళ్ళెమంత ఉబ్బు వచ్చేది, అది తగ్గింది. వైర్లు పట్టుకోవడానికి పెట్టే గ్లూ కూడా గరుకు మీద గట్టిగా నిలిచింది.

మూడో డొప్పను 800తో ఒకసారి మెరుపు చంపి, పలుచగా ప్రైమర్ ఒక్క పూత కొట్టి, నేరుగా రంగు వేయించాను. ఒక్క రోజు. మొదటిదానికి పన్నెండు రోజులు పట్టింది. పక్క గల్లీవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదు, రెండింటికీ ఒకటే రేటు.

మీరు షీటు కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. నాకు ఒకచోట ఏబీఎస్ అని చెప్పి పాలీప్రొపిలీన్ ఇచ్చారు. చూడడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. గోరంత ముక్క కోసి గ్లాసు నీళ్ళలో వేయండి, పాలీప్రొపిలీన్ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. దూదితో అసిటోన్ అద్దితే ఏబీఎస్ జిగురు పడుతుంది, పాలీప్రొపిలీన్‌కు ఏమీ కాదు. ఆ షీటు మీద మామూలు ప్రైమర్ కొట్టి చూశాను, మర్నాడు గోరు పెడితే అరటి తొక్కలా వచ్చేసింది.

ఈ ఏడు తొమ్మిది రోజులూ డబ్బా చిన్నమ్మ పక్కనే ఉంది. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు కూడా తీసుకుపోయారు. అక్కడి జనంలో ఆరున్నర ఇంచుల స్పీకర్ ఎవరికి వినబడుతుంది, అయినా పట్టుకుపోయారు. తెల్లారి అమ్మ వాకిట్లో తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. పసుపు పోయింది, కుంకుమ పోయింది, ఎవరో పెట్టిన మలీద వేళ్ళ జిడ్డు కూడా పోయింది. నేను మెచ్చుకుంటుందేమోనని గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె డబ్బాను తిప్పి, హ్యాండిల్ క్లాంపు కింద గోరు పెట్టింది. అక్కడ క్లాంపు కప్పేస్తుంది కదా అని నేను రుద్దకుండా వదిలేసిన రెండు వేళ్ళ వెడల్పు పట్టీ ఉంది. అందులో పసుపు గీతలు, వల అల్లినట్టు.

"ఆ బ్రష్ ఎక్కడ పెట్టినవ్ రా?" అంది.